మనసు కుంగినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? పాఠకుల ప్రశ్నలకు మానసిక నిపుణుల జవాబులు

ప్రశ్న: నాకు 28 సంవత్సరాలు. ఇంజినీరింగ్ తర్వాత ఉద్యోగంలో చేరకుండా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకొని గ్రూప్స్‌కు చదివాను. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ల లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు తీర్పుతో అదీ రద్దయింది. 2024 జూన్‌లో మూడోసారి రాసి గట్టెక్కలేకపోయాను. గది ఖాళీ చేసి మా ఊరికి వచ్చేశాను. ఇప్పుడు ఉదయం పది దాటినా మంచం దిగబుద్ధి కాదు. పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ బుర్రకెక్కదు. ఫోను చూస్తూ ఉంటే రాత్రి రెండవుతుంది. ‘ఇంకా ఎన్నాళ్లు చదువుతావు?’ అని అడుగుతారని పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. చచ్చిపోవాలన్న ఆలోచనలు లేవు గానీ, నేను దేనికీ పనికిరానని మాత్రం గట్టిగా అనిపిస్తోంది. పట్టుదల పెంచుకునే మార్గం చెప్పండి.
— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: మీరు పట్టుదల గురించి అడిగారు కాబట్టి ముందు ఆ సంగతే చూద్దాం. రద్దయిన పరీక్షకు రెండుసార్లు కూర్చొని, మూడోసారి కూడా చదివి రాసిన మనిషికి పట్టుదల తక్కువని నేను అనుకోవడం లేదు. మీ ఉత్తరంలో నాకు కనిపిస్తున్నది వేరు. మనసు కుంగినప్పుడు ఏ పనీ చేయబుద్ధి కాదు. చేయకుండా తప్పించుకుంటే ఆ క్షణానికి కాస్త ఊరట దొరుకుతుంది. కానీ పొద్దుగూకేసరికి ఇది చేశానని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు, మనసుకు నచ్చిన సంగతి ఒక్కటైనా జరిగి ఉండదు, దాంతో మరునాడు మనసు ఇంకొంచెం కుంగుతుంది. పెళ్లికి వెళ్లకపోవడం, పుస్తకం మూసేయడం, పది దాకా దుప్పటి తీయకపోవడం, ఈ మూడింటి పనితీరూ ఇదే. ఉత్సాహం వస్తే లేద్దామని మీరు ఎదురుచూస్తున్నారు. డిప్రెషన్‌లో వరుస తిరగబడి ఉంటుంది: ముందు పని చేయాలి, ఉత్సాహం తర్వాత వస్తుంది, అదీ కొన్ని వారాలు ఆలస్యంగా వస్తుంది.

ఇది ఊరడించడానికి చెబుతున్న మాట కాదు. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన రోగుల్లో డిప్రెషన్ బాగా ముదిరిన 495 మందిని ఎంచుకొని, సగం మందికి మామూలు వైద్యం మాత్రమే ఇచ్చి, మిగిలిన సగం మందికి దానితో పాటు ఆరు నుంచి ఎనిమిది విడతల కౌన్సెలింగ్ ఇప్పించింది. కౌన్సెలింగ్ చేసినవారు డాక్టర్లు కారు, సైకాలజీ చదివినవారూ కారు; స్థానికంగా ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన సామాన్యులు. వాళ్లు నేర్పిన దానిలో ప్రధానమైనది, మానేసిన పనులను కొద్దికొద్దిగా తిరిగి రోజులోకి తెచ్చుకోవడం. మూడు నెలల తర్వాత చూస్తే కౌన్సెలింగ్ పొందినవారిలో 64 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు తగ్గుముఖం పట్టి మామూలు స్థాయికి వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో అలా కోలుకున్నవారు 39 శాతం. 2017లో వెలువడిన ఈ ఫలితాలను మీకు చెప్పడానికి కారణం ఒకటుంది. ఆ పద్ధతిలో ముఖ్యమైన భాగానికి ఒక కాగితం, ఒక పెన్ను చాలు.

మొదటి వారం మీ అలవాట్లు ఏవీ మార్చకండి. నోటుబుక్కులో రోజుకొక పేజీ తీసుకొని, గంట గంటకూ మీరు ఏం చేశారో ఒక ముక్కలో రాసి, పక్కన ఆ సమయంలో మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది మధ్య ఒక అంకె వేయండి. ‘పది నుంచి పదకొండు, మంచం మీద ఫోను, 1. పదకొండున్నర, స్నానం, 3. మధ్యాహ్నం, అమ్మకు పప్పు రుబ్బి ఇచ్చాను, 4. మూడింటికి, మళ్లీ ఫోను, 2. సాయంత్రం, బర్రెకు గడ్డి వేసి నీళ్లు పెట్టాను, 4. రాత్రి, పాత రూమ్మేట్ ఫోను చేశాడు, 5’ అన్నట్టు సాగుతుంది ఆ పేజీ. రాసే ముందు చాలామంది ‘రోజంతా ఒకేలా దరిద్రంగా ఉంటుంది, రాయడానికి ఏముంది’ అంటారు. అంకెలు వేశాక చూస్తే రోజంతా ఒకేలా ఉండదని తేలుతుంది. ఒకటికీ ఐదుకీ మధ్య ఉన్న ఆ తేడా ఏ పనుల దగ్గర వస్తోందో మీ చేతిరాతలోనే మీకు కనిపిస్తుంది. నేను ఇక్కడ కూర్చొని ‘యోగా చేయండి, సంగీతం వినండి’ అని చెప్పేకంటే ఆ పేజీ చెప్పేది మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

రెండో వారం నుంచి ఆ పేజీ ఆధారంగా రోజుకు రెండే రెండు పనులు ముందురోజు రాత్రి రాసిపెట్టుకోండి. ఒకటి చేయక తప్పనిది, రెండోది ఒకప్పుడు ఇష్టంగా చేసినది. ‘రేపటి నుంచి బాగా చదువుతాను’ అనేది పని కాదు. ‘ఉదయం 7:30కు అరుగు మీద కూర్చొని పాలిటీ పుస్తకంలో రెండు పేజీలు చదువుతాను’ అనేది పని. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నవి మూడూ అందులో ఉండాలి. ఎంత అన్నది సిగ్గనిపించేంత చిన్నదిగా ఉండాలి. పోటీ పరీక్షలు రాసేవారికి ఇదే మింగుడుపడదు. ఉదయం నాలుగింటికి లేచి పద్నాలుగు గంటలు చదివేటట్టు రంగురంగుల స్కెచ్ పెన్నులతో టైం టేబుల్ గీసి గోడకు అంటించడం వాళ్లకు అలవాటు, మూడో రోజుకు అది తప్పగానే తమను తాము తిట్టుకోవడం కూడా అంతే అలవాటు. రెండు పేజీలు చదివాక మూడోది చదవాలనిపిస్తే చదవండి, అనిపించకపోతే పుస్తకం మూసేయండి. ఆ రోజు పని పూర్తయినట్టే. చేసే ముందు మనసు అంకె ఒకటి, చేశాక ఒకటి వేయండి. మొదట్లో తేడా ఏమీ రాదు. పది, పదిహేను రోజులు అలాగే ఉండవచ్చు, దాన్ని బట్టి ఈ పద్ధతి పనిచేయదన్న నిర్ణయానికి రాకండి.

నిద్ర విషయంలో ఒక్కటే గట్టిగా పట్టుకోండి: లేచే సమయం. రాత్రి ఎప్పుడు పడుకున్నా, ఎంతసేపు నిద్రపట్టినా, ఉదయం ఏడింటికి మంచం దిగి వెలుతురులోకి రండి. నిద్రపోయే సమయం మన చేతిలో ఉండదు, లేచే సమయం ఉంటుంది. రెండోది కుదిరితే మొదటిది కొన్నాళ్లకు దానంతట అదే దారికి వస్తుంది. ఫోను ఛార్జింగుకు పడుకునే గదిలో కాకుండా వంటింట్లో పెట్టండి. అలారం కోసం ఫోను కావాలంటారేమో, టేబుల్ గడియారం ఒకటి కొనుక్కోండి. పగటి నిద్ర అరగంట దాటనివ్వకండి, సాయంత్రం నాలుగు దాటాక టీ మానేయండి. లేచిన గంటలోపు చెరువు గట్టుకో పొలానికో ఇరవై నిమిషాలు నడిచి రాగలిగితే, వేగంగా నడవడం డిప్రెషన్ మీద పనిచేస్తుందని చాలా పరిశోధనల్లో తేలిన సంగతి కాబట్టి, మీరు రాసిపెట్టుకున్న రెండు పనుల్లో ఒకటిగా దాన్నే లెక్కవేసుకోండి.

ఇక ‘దేనికీ పనికిరాను’ అన్న మాట. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో తన రోగుల మాటలను జాగ్రత్తగా విని ఒక సంగతి గమనించారు. కుంగిపోయిన మనిషి తన గురించీ, తన చుట్టూ ఉన్న లోకం గురించీ, రాబోయే రోజుల గురించీ ఒకే రకమైన తీర్పులు ఇస్తూ ఉంటాడు, అవి ఎంత చటుక్కున వస్తాయంటే వాటిని తన ఆలోచనలుగా కాకుండా ఉన్న నిజంగానే తీసుకుంటాడు. మీరు చేయాల్సింది ఆ తీర్పును కాగితం మీద పెట్టి, దాని కింద ఆధారాలు రాయడం. మీరే ఇచ్చిన వివరాలతో చూడండి. మూడు ప్రిలిమ్స్‌లో రెండు రద్దయ్యాయి. పేపర్లు లీకవడం మీ చేతిలో లేదు, న్యాయస్థానం తీర్పూ మీ చేతిలో లేదు. లక్షల మంది రాసిన పరీక్ష అది, 2024 నాటి నోటిఫికేషన్‌లో ఉన్నవి 563 పోస్టులు. అర్హత సాధించలేకపోయింది ఒక్కసారి. ఇంత రాశాక కింద ‘ఒక పరీక్షలో ఒకసారి అర్హత రాలేదు, రెండుసార్లు వ్యవస్థ వల్ల నష్టపోయాను’ అని రాస్తే, ‘నేను దేనికీ పనికిరాను’ అన్న మాటకూ దానికీ ఎంత దూరముందో కనిపిస్తుంది. అంతా బాగానే ఉందని మిమ్మల్ని మీరు నమ్మించుకోమనడం లేదు, రెండేళ్లు పోయిన బాధ నిజమే. జరిగినది జరిగినంతే రాసుకోమంటున్నాను. అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పవాణ్ని’ అని పదిసార్లు అనుకోవడం వంటి చిట్కాలు మీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆత్మవిశ్వాసం తక్కువగా ఉన్నవారిలో అవి వికటించే అవకాశం ఉంది. లోపల నమ్మని మాటను పైకి అంటుంటే మనసు దానికి ఎదురు సాక్ష్యాలు వెతుకుతుంది.

పెళ్లిళ్ల గురించి. అడుగుతారన్న భయం నిజమే, అడుగుతారు కూడా. అందుకని జవాబు ముందే తయారు చేసుకొని, ఇంట్లో రెండుసార్లు పైకి అని చూసుకోండి: ‘చదువుతున్నాను బాబాయ్, ఏదైనా తేలితే ముందు మీకే చెబుతాను. చెల్లికి కాలేజీ ఎలా ఉంది?’ అంతే. సంజాయిషీ అక్కర్లేదు. మొదటిసారి అరగంట కోసమే వెళ్లండి, అక్షింతలు వేసి, పరిచయమున్న ఒకరి పక్కన కూర్చొని భోజనం చేసి వచ్చేయండి. వెళ్లే ముందు ‘ఎంతమంది అడుగుతారనుకుంటున్నాను?’ అని ఒక అంకె రాసి, వచ్చాక నిజంగా ఎంతమంది అడిగారో రాయండి.

పరీక్షలు కొనసాగించాలా, ఉద్యోగం చూసుకోవాలా అన్న నిర్ణయం ఈ నెలలో తీసుకోకండి. కుంగిన మనసుతో తీసుకున్న పెద్ద నిర్ణయాలు తర్వాత చూస్తే చాలాసార్లు సరైనవి కావని తేలుతుంది. మరో మాట కూడా చెప్పాలి. దిగులు, అనాసక్తి, నిద్ర ఆకలి తేడాలు, ఏకాగ్రత లేకపోవడం, తనమీద తనకు చిన్నచూపు వంటివి రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉంటే దాన్ని జబ్బుగానే చూడాలి. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికలో మొత్తం 27కు పది, ఆపైన వస్తే డాక్టరును కలవడం మంచిది. నాలుగు వారాలు పైన చెప్పినవి చేసినా మీ నోటుబుక్కులో అంకెలు కదలకపోతే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. గృహిణిని. పెద్దబ్బాయి టెక్సస్‌లో, చిన్నబ్బాయి బెంగళూరులో ఉంటారు. ఏడాదిగా ఏ పని మీదా ఆసక్తి లేదు. వంట చేయడం కూడా కొండంత బరువు. బరువు పెరిగాను, ఒంట్లో ఎప్పుడూ నీరసం, ఊరికే కన్నీళ్లొస్తాయి. ‘నీకేం తక్కువైంది, గుడికి వెళ్లు, నాలుగు మంచి మాటలు విను’ అంటారు మావారు. వెళ్తున్నాను, మనసు నిలవడం లేదు. మానసిక వైద్యులు ఇచ్చే మందులు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలని మా ఆడపడుచు చెప్పింది. నలుగురికీ తెలిస్తే పిల్లల పెళ్లిళ్లకు ఇబ్బందేమోనని కూడా భయం.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు రక్తపరీక్ష చేయించుకోండి, మిగిలినవి ఆ తర్వాత మాట్లాడుకుందాం. నీరసం, బరువు పెరగడం, దిగులు మూడూ కలిసి వచ్చినప్పుడు థైరాయిడ్ మందగించిందేమో చూడకుండా ఎవరూ మీకు సలహా చెప్పకూడదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12, షుగర్ పరీక్షలు చేయించండి. మీ వయసులో నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులు కూడా నిద్రనూ మనసునూ కుదుపుతాయి కాబట్టి డాక్టరు దగ్గర ఆ వివరాలు దాచకండి. పరీక్షల్లో లోపం బయటపడితే దానికి వైద్యం చేయించుకోవాలి, అయితే థైరాయిడ్ దొరికింది కదా అని డిప్రెషన్ సంగతి వదిలేయకూడదు, రెండూ కలిసి ఉండవచ్చు.

మందుల గురించి మీ ఆడపడుచుగారు చెప్పినది సరికాదు. డిప్రెషన్‌కు ఇప్పుడు ఎక్కువగా ఇచ్చే మందులకు అలవాటు పడిపోవడం అనేది, నిద్రమాత్రలకు అలవాటు పడినట్టు, ఉండదు. వాటి ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ప్రభావానికి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి వంటివి రావచ్చు. చాలామంది సరిగ్గా అప్పుడే ‘ఇది నాకు పడలేదు’ అని మానేస్తారు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవారికి సాధారణంగా పూర్తిగా బాగుపడ్డాక మరో ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, డాక్టరు చెప్పిన విధంగా నెమ్మదిగా తగ్గిస్తూ ఆపుతారు. ఉన్నట్టుండి ఆపకూడదు. డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చేవారికి ఎక్కువ కాలం అవసరమవుతుంది, ఆడపడుచుగారు చూసినది అలాంటివారిని కావచ్చు. నలుగురికీ తెలుస్తుందన్న భయానికి సమాధానం చట్టంలోనే ఉంది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు.

గుడికి వెళ్లడం మానవద్దు. మనసు నిలవలేదని బాధపడవద్దు కూడా. ఇంటి గడప దాటడం, కాసేపు నడవడం, తెలిసిన ముఖం ఒకటి కనిపించడం, మీకు ఇప్పుడు కావలసినవి ఇవే. అయితే ఒంటరిగా వెళ్లి ఒంటరిగా వచ్చేకంటే పక్కింటావిడతో కలిసి వెళ్లే ఏర్పాటు చేసుకోండి; ఎదురుచూసే మనిషి ఉంటే వెళ్లబుద్ధి కాని రోజున కూడా కాలు కదులుతుంది. పిల్లల ఫోను ఎప్పుడు వస్తుందా అని రోజంతా కనిపెట్టుకొని ఉండకుండా, వారంలో రెండు రోజులు ఫలానా సమయమని వాళ్లతోనే మాట్లాడి స్థిరపరచుకోండి. మధ్యాహ్నం భోజనం తర్వాత మంచం మీదికి చేరే సమయం మీ ఇంట్లో బహుశా అన్నిటికంటే బరువైన సమయం. అప్పుడు చేతులతో చేసే పని ఏదైనా పెట్టుకోండి, బ్లౌజు కుట్టడమో, అల్లికో, కుండీల్లో మట్టి గుల్లచేయడమో. పూర్తిగా చేయాలన్న నియమం వద్దు. వంట బరువుగా ఉన్న రోజున కూర ఒకటే చేసి పెరుగు, పచ్చడితో సరిపెట్టండి.

మీవారికి ఈ పేజీ చూపించండి. అయ్యా, ‘నీకేం తక్కువ’ అన్న ప్రశ్న మీరు ప్రేమతోనే అడుగుతున్నారు, కానీ ఆవిడకు అది ‘ఏ లోటూ లేకుండా బాధపడుతున్నావు’ అన్న నిందగా చేరుతోంది. దాని బదులు సాయంత్రం చెప్పులు వేసుకొని ‘పద, ఒక చుట్టు తిరిగొద్దాం’ అనండి.

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియంలో ప్రభుత్వ పాఠశాలలో చదివాను. ఇప్పుడు కాకినాడలో బీటెక్ రెండో సంవత్సరం. సెమినార్ అంటే గుండె దడ. ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే గొంతు ఎండిపోతుంది. క్లాసులో అందరూ నా తప్పులే చూస్తున్నారనిపిస్తుంది. తెలిసిన ప్రశ్నకు కూడా చెయ్యెత్తను. ఆత్మవిశ్వాసం ఎలా వస్తుంది?
— ఒక విద్యార్థి

జవాబు: చెయ్యెత్తగా ఎత్తగా వస్తుంది. ముందే వచ్చి ఆ తర్వాత చెయ్యెత్తించదు. మీరు భయపడే సందర్భాలను ఒక కాగితం మీద తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా వరుసగా రాయండి. ల్యాబ్‌లో పక్కనున్న స్నేహితుణ్ని ఇంగ్లిష్‌లో ఒక మాట అడగడం అడుగున, క్లాసు అయ్యాక లెక్చరర్ దగ్గరికి వెళ్లి ఒక సందేహం అడగడం దాని పైన, క్లాసులో ఒక్క వాక్యం జవాబు చెప్పడం ఆ పైన, నలుగురు స్నేహితుల ముందు ఐదు నిమిషాలు మాట్లాడటం ఇంకా పైన, సెమినార్ అన్నిటికీ పైన. అడుగున ఉన్నదాన్ని వారం రోజులు, దడ తగ్గేదాకా, మళ్లీ మళ్లీ చేయండి. ఆ తర్వాతే పైమెట్టు. దడ పూర్తిగా పోవాలని చూడకండి, సగానికి తగ్గితే చాలు.

ఇలాంటప్పుడు మనం తెలియకుండా కొన్ని దొంగ ఆసరాలు పెట్టుకుంటాం. తల దించుకొని స్లైడు చదివేయడం, త్వరగా అయిపోవాలని గబగబా అప్పజెప్పడం, మొత్తం వాక్యం వాక్యం బట్టీపట్టడం, చివరి బెంచీలో కూర్చోవడం అలాంటివే. అవి ఉన్నంతకాలం ‘అవి లేకపోతే పరువు పోయేది’ అన్న నమ్మకం మిగిలే ఉంటుంది. ఒక్కొక్కటే తీసేయండి, ముందుగా రెండో బెంచీకి మారండి. సెమినార్‌కు వాక్యాలు కాకుండా ఐదు ముఖ్యమైన మాటలు చీటీ మీద రాసుకొని, వాటిని మొదట తెలుగులో ఎవరికైనా వివరించి చూడండి. విషయం తెలుగులో తడబడకుండా వస్తే ఇంగ్లిష్‌లో మీకు మిగిలేది భాష సమస్య ఒక్కటే. మీ స్నేహితుడి చేత ఫోనులో వీడియో తీయించుకొని చూడండి. లోపల భూకంపంలా అనిపించిన వణుకు వీడియోలో ఎంత తక్కువగా కనిపిస్తుందో చూస్తే మీరు నమ్మరు.

అందరూ మీ తప్పులే చూస్తున్నారన్న అనుమానానికి చిన్న పరీక్ష చెబుతాను. పోయిన నెలలో మీ క్లాసులో సెమినార్ ఇచ్చిన ముగ్గురు ఎక్కడెక్కడ తడబడ్డారో రాయండి. రాయలేకపోతే, వాళ్లు కూడా మీవి రాయలేరు.

ప్రశ్న: మాది వ్యవసాయ కుటుంబం. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. రెండు నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు, సరిగా తినడం లేదు. మొన్న వాళ్లమ్మతో ‘నేను లేకపోతే మీ అందరికీ హాయి’ అంది. కోపంలో అన్న మాటా, నిజంగానే అన్నదా అర్థం కావడం లేదు. గట్టిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయం. ఏవైనా మంచి అలవాట్లు చెప్పండి, చేయిస్తాం.
— ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: ఈ ఉత్తరానికి పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా నేరుగా సమాధానం పంపాం. ఇదే స్థితిలో ఉన్న ఇతర తల్లిదండ్రుల కోసం ఇక్కడ కూడా ఇస్తున్నాం. పై జవాబుల్లో చెప్పిన అలవాట్లు ఇప్పటికి పక్కన పెట్టండి, ఈ పరిస్థితికి అవి చాలవు.

అలాంటి మాట కోపంలో వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో అందరూ లేని సమయం చూసి, పక్కన కూర్చొని, ‘అమ్మా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అవునంటే ‘ఛ, అలా అనకూడదు’ అనీ, ‘మేం నీకేం తక్కువ చేశాం’ అనీ అనకండి, ఏడవనివ్వండి, వినండి. ఎలా చేసుకోవాలనుకుందో, ఎప్పుడనుకుందో కూడా అడగండి. ఆ వివరాలు ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్టును కలవవచ్చు. అవసరమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోని వారికి విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. వైద్యం మొదలై మాట మారేదాకా అమ్మాయిని ఒంటరిగా వదలకండి, రాత్రి వాళ్లమ్మ ఆ గదిలోనే పడుకోవాలి.

వ్యవసాయ ఇళ్లలో ఇంకొక పని వెంటనే జరగాలి. పురుగుమందు డబ్బాలు, గడ్డిమందు, ఎలుకల మందు, ఇంట్లో మిగిలిన మాత్రలు అన్నీ ఈ రోజే ఇంటి నుంచి తీసేయండి, లేదా తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. ప్రాణం తీసుకోవాలన్న ఉద్రేకం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపూ చేతికి ఏదీ అందకపోతే ప్రాణం దక్కే అవకాశం ఎంతో పెరుగుతుంది. అమ్మాయికి ఈ సంగతి దాచాల్సిన పని కూడా లేదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. అమ్మాయి మాట్లాడనంటే మీరే చేయండి, తండ్రిగా ఏం చేయాలో వాళ్లు చెబుతారు. ఫోను కలిశాక భాష ఎంచుకోమంటారు, తెలుగు ఎంచుకొని కౌన్సెలర్ వచ్చేదాకా లైను పెట్టేయకుండా ఆగండి. ఇప్పటికే ఏదైనా మింగిందని అనుమానం వస్తే మాత్రం ఆ నంబరు కాదు, 108కి చేయండి. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, మింగిన మందు డబ్బానో మాత్రల అట్టనో చేత్తో పట్టుకొని ఆసుపత్రికి వెళ్లండి.